తేనెలో నూరిన మాత్ర

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే అత్తగారు చెంచాతో ఎదురొచ్చేది. చెంచాలో తేనె, తేనెలో నూరిన మాత్ర. వేవిళ్ళప్పుడు మాత్ర మింగగానే కక్కేస్తున్న కోడలి కోసం ఆవిడ కనిపెట్టిన ఉపాయమది. వేవిళ్ళు పోయినా చెంచా పోలేదు. "నోరు తెరువు, లెక్కలమ్మా!" మొగుడు వెక్కిరింతగా పెట్టిన పేరు అత్తగారి నోట ముద్దుగా వినిపించేది. కన్నతల్లి కూడా ఇంతలా చూడదని ఆఫీసులో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది, పిచ్చిది.

"ఈమధ్య చేదు తగ్గిందేంటత్తయ్యా?" అని ఒకసారి అడిగింది కూడా.

"తేనె ఇంకాస్త వేస్తున్నానమ్మా. నువ్వు మొహం అలా పెడుతుంటే చూడలేక."

లెక్కలమ్మ ఉద్యోగమే మందుల లెక్క. కడుపుతో ఉన్నప్పుడు ఒళ్ళు మందుని తొందరగా ఖర్చు పెట్టేస్తుంది. ఎంత వేస్తే తల్లికి చాలుతుంది, బిడ్డకి ఎంత చేరుతుంది, పుట్టాక పాలలోకి ఎంత దిగుతుంది, ఇవన్నీ కంప్యూటర్లో గీత గీసి ముందే అంచనా కట్టాలి. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉన్న మనిషి. తను వేసుకునే మాత్ర మీదే ఇప్పుడు పని చేస్తోంది. డాక్టరమ్మ నెలనెలా చేయించే రక్తపరీక్ష అంకెని తన అంచనాతో సరిచూసుకునేది. అయిదో నెల దాకా అతికినట్టు సరిపోయింది. ఆరో నెలలో మందు ఉండాల్సినదాంట్లో సగమే ఉంది. డాక్టరమ్మ మోతాదు పెంచింది. ఏడో నెలలోనూ అంచనాకి సగమే.

"మీ ఒళ్ళే మీ లెక్కని నమ్మట్లేదండీ, ఇక డాక్టర్లేం నమ్ముతారు?" అని ఆ అంకెలు చూసిన పై అధికారి నలుగురిలో నవ్వాడు. పని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు. ఇంట్లో మొగుడు, "ఆ గీతలు గీసుకుంటూ కూర్చుంటే ఇంతే" అన్నాడు. తప్పు తనదేననుకుని లెక్కంతా మొదటినుంచి తిరగేసింది. తప్పు దొరకలేదు. మొన్న పొద్దున చెయ్యి అదిరి కప్పు జారిపోయింది. ఫిట్స్ వచ్చే ముందు ఎప్పుడూ అలాగే అదురుతుంది. కడుపు పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసులో విసుగెత్తి, లెక్కలో మాత్ర మోతాదు సగం చేసి చూసింది. గీత వంగి వచ్చి తన రక్తపు అంకెలు రెంటిమీదా సరిగ్గా కూర్చుంది. చేదెందుకు తగ్గిందో అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చింది. చెంచా ఎదురొచ్చింది.

"మిగతా సగం ఏదత్తయ్యా?"

ఆవిడ తడబడలేదు. "పారేశాను. లోపల పసిగుడ్డుంది. అంత మందు పోస్తే అదేమైపోవాలి?"

"నేను పడిపోతే?"

"పడితే పట్టుకోడానికి మేం లేమూ?"

సోఫాలో మొగుడు ఫోన్లోంచి తలెత్తలేదు. "నీకు తెలుసా?" అని అడిగింది.

"చెప్తే ఒప్పుకుంటావా? గంటసేపు పాఠం చెప్తావు. అమ్మ ముగ్గుర్ని కన్నది."

"నాకు ఫిట్స్ వస్తే బిడ్డకి ఊపిరందదని ఎన్నిసార్లు చెప్పాను నీకు!"

ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ ముందే డాక్టరమ్మకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఎంత వేసుకోవాలో కనుక్కుంది. మాత్రల డబ్బా తెచ్చి సంచిలో పెట్టుకుంది. ఒక మాత్ర తీసి, తేనె లేకుండా, నీళ్ళతో మింగింది. గొంతు దాకా చేదు.

"రేపు ఆఫీసులో చెప్తాను, లెక్క తప్పలేదని. మందు ఎందుకు సగమైందో కూడా చెప్తాను."

మొగుడు ఇప్పుడు తలెత్తాడు. "ఇంటి సంగతి బయట పెడతావా? మా పరువేం కాను?"

"ఈ లెక్క కోసం కడుపుతో ఉన్నవాళ్ళని వయసడిగాం, బరువడిగాం, ఎన్నో నెలో అడిగాం. అసలు సంగతి ఏ ఆడదాన్నీ అడగలేదు" అంది లెక్కలమ్మ, ఖాళీ గ్లాసు అతని ముందు పెడుతూ. "ఇకమీదట ముందు అదే అడుగుతాను: నీ మందు నీ చేత్తో నువ్వే వేసుకుంటున్నావా అని."