ఇనుముకు అంటు లేదు

"ఇనుముకు అంటు లేదు పో. పానా పట్టుకుంటే ఏం గాదు" అన్నది మా అత్త నర్సింహమ్మ, పదడుగుల దూరాన ఆగి, కొంగు నాకు తగలకుండా ఒడిసిపట్టుకొని. ఆ మాటతో నా మూడు రోజులు పోయాయి.

నేను బయట చేరినప్పుడల్లా కూర్చునేది మా దొడ్లో పడి ఉన్న దొర పాత మోటారులో. మా ఆయన అంజిలయ్య దొర దగ్గర డ్రైవరు. యుద్ధం వచ్చి పట్నంలో సామాన్లు దొరకడం మానేశాక, కొత్త మోటారుకు ఏం కావాలన్నా ఇందులోంచే పీక్కొమ్మని దొర దీన్ని ఎద్దులతో లాగించి ఇక్కడ పెట్టించాడు. ఇంజను ఎప్పుడో పోయింది. వెనక సీటు మాత్రం నాకు మిగిలింది. నెలకు మూడు రోజులు అందులో కాళ్లు చాపుకుంటే నన్నెవరూ ముట్టరు, ఏ పనీ చెప్పరు. అన్నం పైనుంచి పడేస్తారు, కుక్కకు వేసినట్టు. మొదట్లో ఏడ్చేదాన్ని. ఆ అన్నం ఒక్కటే నేను వండకుండా తినే అన్నమని తర్వాత తెలిసింది. ఏడుపు మానేశాను.

అందుకే అబద్ధమాడాను. నాకు రావలసింది రాక రెండు నెలలైంది. పోయిన నెల కూడా ఇట్లాగే వచ్చి కూర్చున్నాను. కడుపని చెబితే అత్త సంబరపడుతుంది, కాదనను. కానీ "వంగి పనిజేస్తే కాన్పు సులువైతది" అని మా తోడికోడలిని తొమ్మిదో నెల దాకా రోకటి దగ్గర నిలబెట్టిన మనిషి ఆమె. తెలిసిన రోజు నుంచి పురుటి దాకా నాకు బయట ఉండదు. అంటే నడుం వాల్చడం ఉండదు. కడుపు కనబడేదాకా, ఇంకో రెండు నెలలైనా ఈ సీటు నాది కావాలని ఆశపడ్డాను. దొంగతనమే. కానీ ఎవరి సొమ్ము దొంగిలించానో నాకైతే తెలియలేదు.

మంగళవారం నేను వచ్చి కూర్చున్నాను. అదే రోజు మంచాల ఊరికి పోయే బాటలో కొత్త మోటారు వెనక కమాను విరిగింది. కమానంటే చక్రాల మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల కట్ట. శుక్రవారం దొరసాని యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోవాలి. బుధవారం పొద్దున్నే మా ఆయన పానాలు, సుత్తి, జాకీ పట్టుకొని వచ్చాడు. నేను పడుకున్న సీటు కిందే ఆయనకు పని. "దిగు" అన్నాడు. దిగాను. తుప్పు పట్టిన బోల్టులకు గ్యాసునూనె పోశాడు, కొట్టాడు, తిట్టాడు. లోపలి నట్టు పెట్రోలు టాంకీ వెనక ఇరుకు సందులో ఉంది. ఆయన చెయ్యి పట్టలేదు.

"నీ చెయ్యి సన్నది. పానా అందుల పెట్టి కదలకుంట పట్టు."

"నేను బయటున్న" అన్నాను.

అప్పుడు పిలిచాడు అత్తను. అప్పుడొచ్చిన తీర్పే అది.

బండి కింద వెల్లకిలా పడుకున్నాను. కళ్లలో తుప్పు రాలుతోంది. బండి వెనక భాగమంతా ఒక్క జాకీ మీద నిలబెట్టి ఆయన ఇరుసు దగ్గరి బోల్టులు విప్పబోయాడు. నేను ఆపాను.

"ముందు చాసీ కింద రాళ్లు పెట్టు. జాకీ జారితే నా మీదనే పడ్తది."

"ఎన్నేండ్లసంది చేస్తున్న నేను ఈ పని? నువ్వు నేర్పుతవా నాకు?" అన్నాడు. అని, దొడ్డి మూలకు పోయి రెండు బండరాళ్లు తెచ్చి పెట్టాడు. నాలుగేళ్లుగా ఆయనకు పానాలు అందిస్తూ నేర్చుకున్న పని నాది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినట్టు నాకు తెలియకూడదు, అంతే.

నట్టు ఊడేసరికి నా వేళ్ల చర్మం లేచిపోయింది. "ఇగ కమాను రెండో కొస నువ్వెత్తు" అన్నాడు. వంగాను. అప్పుడు భయమేసింది. చెబితే సీటు పోతుంది. చెప్పకపోతే బిడ్డ పోతుందేమో. "కడుపుల నొస్తున్నది" అన్నాను. "ఆడోళ్లకు అది ఉండేదేనాయె" అన్నాడు. నా అబద్ధమే నన్ను కట్టేసింది. ఎత్తలేదు నేను. నా కొసను నేల మీద ఈడ్చాను. ఆయన తిట్టాడు. తిట్టనీ అనుకున్నాను. జత మార్చాలని విప్పిన రెండో పక్క కమానునూ అట్లాగే ఈడ్చాను.

మధ్యాహ్నానికి కమాన్లు రెండూ ఎడ్లబండి మీద వేసుకొని దొర ఇంటికి పోయాడు. అత్త మళ్లీ వచ్చింది, ఈసారి గొంతు తగ్గించి.

"దొరసాని మస్తు మడి మనిషి. బయటున్నదాని చెయ్యి తగిలిందని తెలిస్తే ఆ మోటరు ఎక్కదు. మొక్కు మైలవడ్డదని మనలను ఊళ్లె ఉండనియ్యరు. యాడనన్న అనేవు!"

"ఇనుముకు లేదంటివి గదత్తా?"

"మనకు లేదే. వాళ్లకుంటది."

నాకు నవ్వొచ్చింది. ఆమె నా ముందు భయపడటం అదే మొదలు. ఆ పూటంతా ఆ భయాన్నే తలుచుకుంటూ పడుకున్నాను. రాళ్ల మీద కూర్చున్న బండి ఇక ఊగడం లేదు.

శుక్రవారం, నాలుగో రోజు, తెల్లవారగానే అత్త కేకేసింది. "తానం చేసి రా. జొన్నలు ఇసిరేదున్నది."

"నాకింక ఆగలే అత్తా."

"నాలుగొద్దులాయె గదనే!"

"బరువు లాగిన గద. ఎన్నొద్దులు పడ్తదో ఏమో. దొరసాని దగ్గర మందు ఉంటదంటరు. పోయి అడగాల్నా?"

అత్త గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది. కాసేపటికి ఇంట్లోంచి ఇసుర్రాయి చప్పుడు వినబడింది. పెళ్లై వచ్చాక, నాలుగో రోజు ఆ రాయి మరొకరు తిప్పుతుంటే పడుకొని వినడం నాకిదే మొదలు.

పొద్దెక్కాక దొర మోటారు మా ఇంటి ముందు నుంచి పోయింది. మా ఆయన నడుపుతున్నాడు, మెడ బిగించుకొని. వెనక దొరసాని, ఒళ్లో పూలబుట్ట. నేను బయట చేరలేదని, కడుపుతో ఉన్నానని ఒక్కమాట అంటే ఆయన భయం, అత్త భయం రెండూ తీరేవి.

ఆ మాట నేను అనలేదు.