ఎదురుగాలి రోజు

పళ్ళ డాక్టరు కొట్టిన బంతికి కుడివైపంటే ప్రాణం. ఎటు గురి పెట్టి కొట్టినా సగం దూరం బుద్ధిగా వెళ్ళి, అక్కడేదో గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి, చెట్లలోకో పక్కవాళ్ళు ఆడుకునే చోటికో పోయేది. దానికి ఆయన చెప్పని సాకు లేదు. నేల ఏటవాలంటాడు, బంతి నాసిరకమంటాడు, సరిగ్గా కొట్టే సమయానికి వెనక ఎవరో దగ్గారంటాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయన మొహాన అనే ధైర్యం గోల్ఫు క్లబ్బులో ఎవరికీ లేదు. సగం మంది పళ్ళు ఆయన చేతిలో ఉన్నాయి మరి.

అలా తిరిగిన బంతుల్లో ఒకటి కిందటేడు క్లబ్బు కోచ్ కుడి మోచెయ్యి విరగ్గొట్టింది. కోచ్ పరాయివాడైతే గొడవ క్లబ్బుతోనే పోయేది. కానీ అతను డాక్టరు భార్యకు సొంత చెల్లెలి మొగుడు. స్వయానా తోడల్లుడు. ఎముక అతుక్కుంది గాని చెయ్యి పూర్తిగా చాపుకోలేడు. పోటీల్లో ఆడే మనిషి కాస్తా ఇప్పుడు నేర్పడానికే మిగిలాడు.

గోల్ఫులో ఒక కట్టుబాటు ఉంది. బంతి దారి తప్పి మనుషుల వైపు పోతోందంటే, కొట్టినవాడు గొంతు చించుకుని "ఫోర్" అని అరవాలి. విన్నవాళ్ళు చేతులతో తల కప్పుకుని వంగిపోతారు. ఆ రోజు డాక్టరు అరిచాడా లేదా అన్నదే రెండిళ్ళ మధ్య యుద్ధం. అరిచాను, ఎదురుగాలికి వినపడలేదన్నాడు డాక్టరు. అరవనే లేదన్నాడు కోచ్. పక్కనే ఉన్న స్నేహితుడు, మర్నాడు డాక్టరు దగ్గర పన్ను కట్టించుకోవాల్సినవాడు, అరిచినట్టే గుర్తన్నాడు. అక్కాచెల్లెళ్ళు మాటలు మానేశారు.

క్లబ్బు కమిటీ మాత్రం ఒక తీర్పు చెప్పింది. డాక్టరు స్వింగు, అంటే కర్ర విసిరే తీరు, బాగుపడిందని కోచ్ తన నోటితో చెప్పేదాకా ఆయన మైదానంలో ఆటకు దిగకూడదు. ఇది పుండు మీద కారం. ఏటా జరిగే కప్పు పోటీ దగ్గరపడుతోంది, ఆ కప్పు డాక్టరు తన తండ్రి పేరిట తనే పెట్టించింది. కన్నతండ్రి పేరున్న కప్పును తాను గట్టు మీద నిలబడి చూస్తుండగా ఎవడో ఎత్తుకుపోతాడన్న తలపుకే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. కాబట్టి, మింగలేక కక్కలేక, తోడల్లుడి దగ్గరే పాఠాలకు చేరాడు.

పూర్వం నోరారా అన్నయ్యా అని పిలిచిన కోచ్ ఇప్పుడు సార్ అనేవాడు. ఆ సార్ అన్న మాటలో ఎంత విషం పట్టించవచ్చో అతనికి తెలుసు.

"ఎడమకి తిరిగి నిలబడ్డారేం సార్?"

"బంతి కుడికి పోతుంది కాబట్టి."

"మీరలా నిలబడుతున్నారు కాబట్టే పోతోంది."

చెప్పింది నిజమే, అదే డాక్టరుకు మంట. కుడికి పోతుందన్న భయంతో ఎడమకు గురి పెడితే భుజం ముందే తిరిగిపోతుంది, కర్ర బంతిని బయటి నుంచి లోపలికి కోస్తుంది, కోతపడ్డ బంతి గిరగిరా తిరుగుతూ ఇంకాస్త కుడికి పోతుంది. అది చూసి ఆయన ఇంకాస్త ఎడమకు తిరుగుతాడు. ఏళ్ళ తరబడి తన జబ్బుకు తానే మందు వేసుకుని ముదరబెట్టుకున్నాడు.

కోచ్ బంతికి అవతలి పక్కన ఒక ఖాళీ చెప్పుల పెట్టె పెట్టాడు. కర్ర బయటి నుంచి వస్తే పెట్టె పచ్చడవుతుంది. పచ్చడయింది. మరొకటి పెట్టాడు, అదీ అయింది. ఓదార్చలేదు, నవ్వలేదు, వంగి ముక్కలు ఏరి ఇంకో పెట్టె తెచ్చాడు. డాక్టరుకు ఆ పెట్టె బదులు తోడల్లుడి తల కనిపించిన రోజులున్నాయి. అతనూ ఆ చూపు కనిపెట్టి, వంకర చెయ్యి మెల్లగా రుద్దుకునేవాడు, ఎదుటివాడికి కనపడేలా.

ఇంట్లో డాక్టరు తిట్టని తిట్టు లేదు. చెయ్యి పోయిన కసి నా మీద తీర్చుకుంటున్నాడని భార్యతో అన్నాడు. ఆమె ఒకసారి క్లినిక్కుకు వచ్చి, ఆఖరి పేషెంటు వెళ్ళాక, నిజం చెప్పండి, ఆ రోజు అరిచారా అని అడిగింది. ఆయన చేతులు కడుక్కుంటూ కుళాయి ఇంకొంచెం పెద్దగా తిప్పాడు.

మొత్తానికి పెట్టెలు బతకడం మొదలుపెట్టాయి. పట్టు మారింది, భుజం ఆగడం నేర్చుకుంది, బంతి తగిలే చప్పుడే వేరైంది. తిన్నగా పోతున్న బంతుల్ని చూసి డాక్టరు మీసం దువ్వుకున్నాడు. ఇక కమిటీకి చెప్పమన్నాడు. కోచ్ దూరాన జెండా వైపు చూశాడు. గాలి లేక జెండా కర్రకు అంటుకుని వేలాడుతోంది.

"ఇవాళ కాదు సార్."

ఆ తర్వాతా అదే మాట. వాతావరణం ఎంత హాయిగా ఉంటే అతను అంత గట్టిగా కాదనేవాడు. కప్పు పోటీ ముంచుకొస్తోంది. ఇది పగ కాకపోతే మరేమిటని డాక్టరు క్లబ్బంతా చాటాడు.

చివరికి ఒకనాడు దుమ్ము కళ్ళల్లో కొట్టే గాలి లేచింది. ఆటగాళ్ళంతా సంచులు సర్దుకుంటుంటే కోచ్ డాక్టరుకు కబురు పెట్టాడు, పరీక్ష ఇవాళేనని. డాక్టరు వచ్చేసరికి క్లబ్బు సెక్రటరీ టోపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, పక్కన ఆ పన్ను కట్టించుకున్న స్నేహితుడూ ఉన్నాడు. ఇద్దరినీ కోచే పిలిపించాడట.

డాక్టరు మండిపడ్డాడు. ఎదురుగాలిలో రవ్వంత వంకర కూడా బారెడవుతుందని ఎవరిని అడిగినా చెబుతారు, నన్ను ఓడించడానికే ఈ రోజు ఎంచుకున్నాడని సెక్రటరీతో అన్నాడు. కోచ్ గబగబా నడిచి వెళ్ళి కుడివైపు చెట్ల మొదట్లో నిలబడ్డాడు. కిందటేడు దెబ్బ తిన్న చోటే. అక్కడి నుంచి ఎడమ చెయ్యెత్తి, కొట్టమని సైగ చేశాడు.

డాక్టరు పెట్టెను తలుచుకున్నాడు, పాదాలు సరిచూసుకున్నాడు, భుజం ఆపాడు. కొట్టాడు. బంతి తిన్నగా లేచింది. గాలి దాన్ని పట్టుకుంది. సగం దారిలో, వెనకటి బుద్ధి పోనట్టు, కుడికి తిరిగింది.

తిరిగి వస్తుందిలే అనుకున్నాడు ఆయన. అరిచామంటే దెబ్బ చెడిందని నలుగురి ముందు ఒప్పుకున్నట్టే. సెక్రటరీ వింటాడు, కప్పు పోతుంది. నోరు బిగుసుకుంది. ఆ బిగుసుకోవడం ఆయనకు బాగా తెలుసు. కిందటేడు ఇదే నోరు, ఇదే ఆలోచన, ఇలాగే బిగుసుకుని బంతి వైపు చూస్తూ నిలబడింది. చెట్ల కింద మనిషి కదలడం లేదు. వంకర చెయ్యి పొట్టకు ఆనించుకుని, రెప్పవేయకుండా ఇటే చూస్తున్నాడు.

"ఫోర్!"

గుండెల్లోంచి వచ్చిందా అరుపు. కోచ్ తటాలున తల కప్పుకుని వంగాడు. బంతి అతని వీపు మీదుగా పోయి మొద్దుకు తగిలి ఎగిరిపడింది.

అంతా అయిపోయిందనుకున్నాడు డాక్టరు. సంచి భుజానికెత్తుకుని, తోడల్లుడు బంతి తీసుకుని నడిచొచ్చేదాకా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తనది అతను బతికున్నాడన్న సంతోషమో, కప్పు పోయిందన్న ఏడుపో ఆయనకే తెలియలేదు.

కోచ్ ముందు సెక్రటరీతో మాట్లాడాడు. స్వింగు బాగుపడిందనీ, ఇంత గాలికి ఎవరి బంతైనా తిరుగుతుందనీ, ఈయన్ని కప్పులో ఆడనివ్వచ్చనీ చెప్పాడు. సెక్రటరీ సరేనన్నాడు. అప్పుడు కోచ్ డాక్టరు వైపు తిరిగాడు. ఏడాది తర్వాత మొదటిసారి ఆ పిలుపు వాడాడు.

"వినపడింది అన్నయ్యా. ఇంత ఎదురుగాలిలోనూ చక్కగా వినపడింది."

సెక్రటరీ టోపీ సర్దుకోవడం ఆపి డాక్టరును చూశాడు. స్నేహితుడు తన బూట్లు చూసుకున్నాడు. ఊరందరినీ నోరు తెరవమనే మనిషి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

కోచ్ బంతిని ఆయన సంచిలో వేశాడు.

"క్షమాపణకి మా ఇంటికి రానక్కర్లేదు. ఆ రోజు అరిచారో లేదో మీరెళ్ళి వదినకి చెప్పండి చాలు."