అవుట్ అని రాసిన చోట

ఆ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది వదిన. పాలు పొయ్యి మీద పెట్టి, టీవీలో వార్తలు పెట్టేది. తర్వాత అన్న లేచి, కళ్ళజోళ్ళ షాపు తాళాల కోసం ఇల్లంతా వెతికేవాడు. లిఫ్టులు బాగుచేసే తమ్ముడు, తాళాలెక్కడున్నాయో తెలిసి కూడా, అన్న రెండు గదులు తిరిగాకే చెప్పేవాడు. ఇక సోఫా వెనక మూలనున్న స్పీకరు సంగతి: ఇంట్లోవాళ్ళు మింగేసిన మాటల్ని అది ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే బయట పెట్టేసేది. "కూరలో ఉప్పు లేదు," అనేది అన్న గొంతుతో. "మొన్నేగా ఎక్కువైందన్నారు," అని వదిన జవాబిచ్చేది. భోజనం సాగిపోయేది. దేవుడి దయవల్ల ఏ మాటా ఆ ఇంట్లో పూటకి మించి నిలవుండేది కాదు.

ఇంతలో కొత్త టీవీ వచ్చింది. దాన్ని గోడకి బిగించే హడావుడిలో, స్పీకర్లన్నిటికీ శబ్దం అందించే పెద్దదిక్కు, రిసీవరు, బీరువా మీదికెక్కింది. టీవీకి సొంత గొంతుంది కదా అని ఎవరూ దాన్ని దించలేదు. మూల స్పీకరు మూగబోయింది, మింగిన మాట మింగినట్టే ఉండిపోయింది. మీరే చెప్పండి, కడుపులో మాట ఊరికే పడి ఉంటుందా? ఒకరోజు తమ్ముడు ఆలస్యంగా వచ్చాడని అన్న, "ఇది ఇల్లనుకున్నావా, లాడ్జీ అనుకున్నావా? నీ దారి నువ్వు చూసుకో," అనేశాడు. తమ్ముడు నిజంగానే చూసుకున్నాడు. ఊరికి ఆ చివర గది దొరికింది.

వెళ్ళేరోజు పెట్టెతో హాల్లోకి వచ్చేసరికి వదిన రిసీవరు దుమ్ము దులుపుతోంది.

"మరిదిగారూ, ఎలాగూ పోతున్నారు. దీన్ని టీవీకి తగిలించి పొండి. మీ అన్నయ్యకి బల్బు మార్చడం కూడా రాదు."

"వచ్చు," అన్నాడు అన్న, పేపరు చాటునుంచి.

తమ్ముడు పెట్టె పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వైరు ఒక కొస టీవీ వెనక ఏఆర్‌సీ అని ఉన్న కన్నంలో దూర్చాడు. రెండో కొస రిసీవరు వెనక 'ఇన్' అని రాసిన చోట పెట్టాడు. వార్తలామె గొంతు టీవీలోంచే వస్తోంది గాని స్పీకర్లలో ఉలుకూ పలుకూ లేదు. పక్క ఇన్‌లో పెట్టాడు. అదీ అంతే.

అన్నకి ఓపిక నశించింది. వచ్చి, నుదుటి మీది కళ్ళజోడు దించుకుని వంగాడు.

"అవుట్‌లో పెట్టరా."

"అవుటంటే బయటికి పోయేది. మనకి శబ్దం లోపలికి రావాలి."

"పక్కన చీమ తలకాయంత అక్షరాల్తో ఏఆర్‌సీ అనుంది, చూడు. పోయే దారిలోనే వెనక్కీ వస్తుంది."

తమ్ముడు వైరు అందులోకి మార్చాడు. వార్తలామె గొంతు గదంతా నిండింది. వెనక మూల స్పీకరు గొంతు సవరించుకుంది.

"ఈ చొక్కా మీకేం బాలేదు," అంది, వదిన గొంతుతో. అన్న చొక్కా చూసుకున్నాడు. "తాళాలు ఫ్రిజ్ మీదున్నాయి," అంది తమ్ముడి గొంతుతో. అన్న ఫ్రిజ్ వైపు చూశాడు. తర్వాత వచ్చింది అన్న గొంతు, గొడవైన ఆ రోజుది, సగంలో ఆగిపోయిన మాటకి మిగతా సగం.

"నువ్వు లేకపోతే నాకు దారి తోచదురా."

వదిన టీవీ సౌండు తగ్గించింది. తమ్ముడు లేచి పెట్టె అందుకున్నాడు.

"సరిగా వినపడలేదు," అన్నాడు, ఎటో చూస్తూ.

అన్న స్పీకరు వైపు చూశాడు. అది మళ్ళీ చెప్పేలా లేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే దారి తోచదంటున్నాను," అన్నాడు, తన నోటితోనే.

తమ్ముడు గోడ కేసి చూశాడు. "వైరు వేలాడుతోంది. క్లిప్పులు కొట్టాలి. డ్రిల్లు అడుగున సర్దాను," అంటూ కింద కూర్చుని పెట్టె విప్పాడు.

ఇంకా ఏమన్నా అంటుందేమోనని వదిన వెనక మూలకి చెవి ఒగ్గింది. స్పీకరు ఏమీ అనలేదు.