జ్యోతి దీక్ష, ఎనిమిదో రోజు

తొమ్మిది రోజులు మాట్లాడకుండా ఉండమంటే అదేం పెద్ద పని అనుకున్నాడు చౌడప్ప. మగ్గం ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా ఎవరితో మాట్లాడతాడు గనక! తీరా మూడో రోజుకే నోట్లో మాటలు ఊరిపోయి, పళ్ళు బిగపట్టుకొని తిరగాల్సి వచ్చింది.

ఆళ్ళగడ్డ నేతగాళ్ళ వీధిలో ఏటా ఉగాదికి చౌడమ్మ తల్లికి జ్యోతి ఎత్తుతారు. బియ్యప్పిండిలో బెల్లం కలిపి ముద్ద చేసి, అందులో నెయ్యి పోసి వత్తి వెలిగిస్తే, దాన్ని ఒక మనిషి నెత్తిన పెట్టుకొని వీధులన్నీ తిరిగి గుడికి చేరుస్తాడు. ఆ మనిషి ముందు తొమ్మిది రోజులు దీక్ష పట్టాలి. ఒక్క మాట మాట్లాడకూడదు. ఇంకో మనిషిని తాకకూడదు, తన చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు. తడిబట్టతో తానే వండుకొని ఒంటిపూట తినాలి. ఒక్క కట్టు తప్పినా జ్యోతి ఆ ఇంటి నుంచి పోతుంది, మళ్ళీ రాదు. తప్పితే అందుకోవడానికి ఎదురింటి లక్ష్మయ్య కూడా మారుగా దీక్ష పట్టి కాచుకొని కూర్చున్నాడు. చౌడప్ప తండ్రి పుల్లయ్య ఇరవై రెండేళ్ళు ఎత్తాడు, ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడాయన కళ్ళకు పొరలు కమ్మి మంచాన పడ్డాడు. కొడుకు నెత్తిన జ్యోతి ఇంటిముందు ఆగితే, ఆ వేడి తన మొహానికి తగిలితే చాలని ఏడాదిగా అదే జపం. ఈ దుర్ముఖి ఉగాదికి చౌడప్ప వంతు వచ్చింది.

కట్టుబాట్లు చూసే కులపెద్ద శేషయ్య. పొద్దునా సాయంత్రం వచ్చి గడప అవతల నిలబడి తనిఖీ చేస్తాడు. ఏం తనిఖీ అనుకున్నారు! పొయ్యిలో కంపకట్టె పెట్టావేం, తీసెయ్. దగ్గు వస్తే గట్టిగా దగ్గకు, దగ్గులో మాట కలుస్తుంది. నాలుగో రోజు చింతపండు నానేసిన ముంత చూసి పులుపు పనికిరాదన్నాడు. ముందురోజు చారు కాచుకొమ్మన్నది ఆయనే. ఆ ముంత ఎత్తి ముసలాయన నెత్తిన బోర్లించాలనిపించింది చౌడప్పకు. తలూపాడు. తలూపడం తప్ప ఏముంది అతని చేతిలో!

శేషయ్యనైనా భరించవచ్చు, నాయనతోనే వచ్చింది చావు. పుల్లయ్యకు మతిమరుపు. కొడుకు దీక్షలో ఉన్నాడని కోడలు విజయమ్మ చెప్తే సంబరపడతాడు, గడియకల్లా మరిచిపోతాడు. అడుగుల చప్పుడైతే చాలు, మొదలు. ఎవరది, పలకవేం, చౌడా నువ్వేనా, నా మీద కోపమా? నేనేం తప్పు చేశానని మొహం చాటేశావని ఆరో రోజు ఏడ్చాడు కూడా. చౌడప్ప గోడకు ఆనుకొని తన పిడికిలి తానే కొరుక్కున్నాడు. ఈ కట్టుబాట్లన్నీ నేర్పింది ఈ మనిషే కదా! నేర్పినవాడు మరిచిపోయి హాయిగా అడుగుతుంటే, నేర్చుకున్నవాడు నోరు కుట్టుకొని చస్తున్నాడు. ఏం న్యాయమిది!

ఎనిమిదో రోజు సాయంత్రం విజయమ్మతో సహా వీధిలో ఆడవాళ్ళంతా జ్యోతికి పిండి దంచడానికి గుడికి పోయారు. రేపొక్కటి గడిస్తే చాలని చౌడప్ప చాప మీద కూర్చున్నాడు. పుల్లయ్య నీళ్ళడిగాడు. మళ్ళీ అడిగాడు. పలికే దిక్కు లేక తానే లేచి, రెండడుగులు వేసి దబ్బున పడ్డాడు.

చౌడప్ప వీధి వైపు చూశాడు. కేకేయడానికి నోరు లేదు, చప్పట్లు కొట్టినా మగ్గాల చప్పుడులో వినేవాళ్ళు లేరు. ఇంకేమీ ఆలోచించలేదు. ముసలాయన చంకల కింద చేతులు వేసి లేపి మంచం మీద కూర్చోబెట్టాడు.

పుల్లయ్య చెయ్యి కొడుకు మణికట్టు మీద పడింది. దీక్షకని పసుపుకొమ్ము కట్టిన తాడు తగిలింది. ఇరవై రెండేళ్ళు తన చేతికున్నదే అది. వేళ్ళతో రెండుసార్లు తడిమేసరికి ఆయనకు మతి కుదురుకుంది.

“ఎన్నో దినంరా?” అన్నాడు. కొడుకు ఆయన అరచేతిలో వేలితో ఎనిమిదిసార్లు తట్టాడు.

“ఎవురూ సూడలే కదా. నోరైతే ఇప్పలేదు నువ్వు. పో, నీళ్ళు పోసుకో. నేనెవురికీ చెప్పను.”

అంటూనే ఆ చెయ్యి వదల్లేదు. గొంతు తగ్గించాడు.

“మీ యమ్మ గూడా నీళ్ళడిగిందిరా. జరమొచ్చి పండుకోనుండింది. నాది ఆరో దినం. ముట్టుకోలే, పలకలే. పక్కింటోళ్ళు సేన్లో నుంచి వచ్చేదాంక ఎండిన నోటితోనే ఉండింది. పండగైన నాలుగు దినాలకు పాయ. అన్నాళ్ళూ నన్ను మళ్ళా ఏమీ అడగలేదురా.”

అప్పుడు చౌడప్పకు ఎనిమిదేళ్ళు, నంద్యాలలో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. నాయన దీక్ష గురించి వీధంతా గొప్పగా చెప్పుకోవడం విన్నాడు గాని, ఈ మాట ఎవరూ అతనికి చెప్పలేదు. అమ్మ ఎలా పోయిందంటే జ్వరం అన్నారు, అంతే.

గడప అవతల కర్ర చప్పుడైంది. శేషయ్య వచ్చి అంతా సక్రమమేనా అని అడిగాడు. రోజూ అడిగేదే, తలూపితే సరిపోతుంది. పుల్లయ్య గబుక్కున కొడుకు చెయ్యి వదిలేశాడు.

చౌడప్ప లేచి కుండలో చెంబు ముంచాడు. ఎనిమిది రోజులు వాడని గొంతు మొదట సరిగా పెగల్లేదు. శేషయ్యకు వినబడేలాగే అన్నాడు.

“నాయనా, నీళ్ళు తాగు.”

వీపు వెనక చెయ్యి వేసి చెంబు ఆయన పెదవులకు ఆనించాడు. శేషయ్య గడప దగ్గర ఏమేమో అంటున్నాడు, ఇల్లు చెడింది, పరువు పోయింది అని. అననీ. ముసలాయన సగం తాగి సగం గడ్డం మీద పోసుకున్నాడు.

ఇంటి హక్కు పోగొట్టాడని విజయమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు, ఆమెకు ఏ దీక్షా లేకపోయినా. ఉగాదినాడు జ్యోతి లక్ష్మయ్య నెత్తిన వచ్చింది. వాకిట్లో మంచం మీద పుల్లయ్య మొహం ఎత్తుకొని కూర్చున్నాడు. ఎవరెత్తారని అడిగితే లక్ష్మయ్య అని చెప్పాడు చౌడప్ప.

“నువ్వెందుకు ఎత్తలేదురా?”

మళ్ళీ మరిచిపోయాడు! చౌడప్పకు ఒళ్ళు మండింది. “నీకు నీళ్ళిచ్చినా, అందుకు” అన్నాడు.

పొద్దుగూకేలోపు పుల్లయ్య అదే మాట పదిసార్లు అడిగాడు. చౌడప్ప పదిసార్లూ విసుక్కున్నాడు, పదిసార్లూ చెప్పాడు.