మెడ దగ్గర కత్తిరించిన కారణం

మా వదినా నేనూ రోజూ సాయంత్రం దర్జీ పిన్ని ఇంటికి వెళ్తున్నామనీ, ఇన్నాళ్లయినా ఒంటిమీద ఒక్క కొత్త గుడ్డ కనపడలేదనీ, కాబట్టి అక్కడేదో వేరే యవ్వారం నడుస్తోందనీ ఎదురింటావిడ పాలాయనతో అందట. పాలాయన అలవాటు కొద్దీ ఆ మాటలోనూ కాసిని నీళ్లు కలిపి మా అమ్మకి పోశాడు. అమ్మ ఆ సాయంత్రం మేం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మా నెత్తిన పోసింది.

"కుట్టించుకోడానికి కాకపోతే దర్జీ ఇంట్లో ఏం పనే మీకు?"

"చదువుకోడానికత్తయ్యా," అంది వదిన.

"దర్జీ ఇంట్లో చదువా! ఇంకా నయం, బట్టల కొట్లో ఈత నేర్చుకుంటున్నాం అన్లేదు."

అమ్మ మాటలో తప్పేం లేదు. విన్నవాళ్లెవరైనా అదే అంటారు.

అసలు సంగతేమిటంటే, అంతకు కొన్నాళ్ల ముందు వదినా నేనూ సాయంత్రం కంప్యూటర్ క్లాసులో చేరాం. చేరేనాటికి మౌస్ పట్టుకోవడం కూడా మాకు కొత్తే. మనిషికీ మిషనుకీ మధ్య నిలబడి ఏ పని ముందు, ఏది వెనక అని వంతులు పంచేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారని అక్కడే తెలిసింది. ఇప్పటివి కోట్ల లైన్లట, ఒక జన్మకి తెమిలేవి కావు. అందుకని మాస్టారు ఒక పాతదాన్ని మా ముందు పెట్టాడు. ఊరి చివర మూతపడిన కంప్యూటర్ ఫ్యాక్టరీలో వెనకటికెప్పుడో రాసింది. అది మూడో వెర్షన్. దాని సోర్స్ కోడ్, అంటే మనుషులు రాసిన అసలు రాత, మొత్తం చదివి ఎక్కడో ఒకచోట మెరుగు చేసి చూపిస్తే సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ తెస్తే వదినకి ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగం. ఆ నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతామన్నారు.

చదువుతుంటే వదినకి ఒకచోట కాలికి రాయి తగిలినట్టయింది. ఒక పని అయ్యాక ఇంకో పని మొదలెట్టేలోపు ఆ సిస్టమ్ ఊరికే ఆగుతోంది. పక్కనే ఒక ముక్క రాసుంది: "ఈ ఆగడం తీయొద్దు. ఎందుకో మొదటి వెర్షన్లో రాశాం."

వదిన తీసేసింది. కట్టు విప్పిన దూడలా పరిగెత్తింది సిస్టమ్. ఎక్కడా ఏ లోటూ రాలేదు.

మాస్టారు చూసి మొహం చిట్లించాడు. "మళ్లీ పెట్టెయ్యమ్మా. అనుభవం ఉన్నవాళ్లు ఊరికే పెట్టరు."

"ఎందుకు పెట్టారు సార్?"

"మొదటి వెర్షన్లో ఉందిగా."

"మొదటి వెర్షన్ ఎక్కడుంది సార్?"

"ఎక్కడా లేదు. ఫ్యాక్టరీ మూసేటప్పుడు టేపులన్నీ చెరిపేశారు. కారణం చూపిస్తే తీసెయ్, లేదంటే పెట్టెయ్. అప్పటిదాకా నేను సంతకం పెట్టను."

ఇంట్లో అన్నయ్య తల పట్టుకున్నాడు. "ఒక్క లైను! పెట్టేసి కాగితం తెచ్చుకోక, నీకెందుకే ఈ గొడవ?"

"పెడతాను. ఎందుకో తెలిశాక పెడతాను."

అప్పణ్ణించి వదిన పట్టిన పట్టు వదల్లేదు. ఫ్యాక్టరీలో చేసినవాళ్లెవరున్నారా అని వాకబు చేశాం. ఒకాయన తలుపు సగం తెరిచి, సంగతి విని, ఆ సగం కూడా మూసేశాడు. ఇంకొకాయన కూర్చోబెట్టి మర్యాద చేసి, మోకాళ్ల నొప్పి గురించి పొద్దుగూకే దాకా చెప్పాడు. పాత సామాన్ల కొట్లన్నీ గాలించాం. ధూళి తప్ప ఏం దొరకలేదు. నాకు ఓపిక అయిపోయింది. వదినకి అప్పుడే మొదలైనట్టుంది.

అలాంటప్పుడు అమ్మ జాకెట్టు వదులు చేయించడానికి దర్జీ పిన్ని ఇంటికి వెళ్లాం. పిన్ని గోడ నిండా మేకులు, మేకులకి కాగితాలు. గుడ్డ మీద పరిచి గీత గీసుకోవడానికి కత్తిరించి పెట్టుకున్న అచ్చులు: చేతులు, కాలర్లు, ముందు భాగాలు. వదిన జాకెట్టు సంగతి మర్చిపోయి గోడకి అతుక్కుపోయింది.

"పిన్నిగారూ, ఈ కాగితం ఎక్కడిది?"

"మా ఆయన ఫ్యాక్టరీ స్టోరులో చేసేవాడు. పారేసే కాగితం మోపులు మోపులు తెచ్చేవాడు. గట్టి కాగితం, ఏళ్ల తరబడి చిరగదు. ఏం, నీకూ కావాలా?"

ఒక అచ్చు చంక వంపు మీద నాకూ కనపడింది. సన్నటి అక్షరాలు, మూలన పేజీ నంబరు, పైన "మొదటి వెర్షన్" అని.

పిన్ని షరతులు పెట్టింది. ఒక్క అచ్చు కూడా గడప దాటకూడదు. తీసిన మేకుకే తిరిగి తగిలించాలి. ఊరికే కూర్చోకుండా, అసలు కుట్టు పడేదాకా వేసే కచ్చాకుట్లు విప్పాలి. సరేనన్నాం. రోజూ క్లాసు కాగానే వెళ్లి ఒక్కో అచ్చూ నేల మీద పరిచి ఫోన్లో ఫోటో తీసి, నంబర్ల వరసన పేర్చుకున్నాం. వదిన "ముందు భాగం చదివావా?" అనడం, నేను "ఎడమ చేయి దాకా వచ్చాను" అనడం. పిన్ని ఇస్త్రీ పెట్టె ఆపి మరీ నవ్వేది.

ఎట్టకేలకి మాక్కావలసిన పేజీ దొరికింది. ఎవరిదో గౌను ముందు భాగం. "ఇక్కడ ఆగాలి, ఎందుకంటే" అని ఉంది. ఆ తర్వాత మెడ. గుండ్రంగా, అందంగా కత్తిరించిన మెడ.

వదిన ఆ ఖాళీ అంచు వెంబడి వేలు తిప్పింది. "పిన్నీ, ఈ మెడలోంచి తీసిన ముక్కలేం చేశావ్?"

"పొయ్యిలోకి కొన్ని. మిగతావి అదిగో, ఆ బొమ్మకి."

మూలన, కుట్టిన బట్ట తొడిగి చూసుకునే దర్జీ బొమ్మ, దాని మీద ఎవరిదో కోటు. వయసులో ఉండగా తన ఒంటి కొలతకే పిండి జిగురుతో పొరలు పొరలుగా అతికి చేసుకుందట. "ఆ నడుం నాదంటే ఇప్పుడెవరూ నమ్మరు," అంది పిన్ని. "ఆ పెళ్లికోటు తెమిలేదాకా దాని జోలికొస్తే చేతులు విరగ్గొడతా."

"ఇంకా ఏం మిగిలింది కోటుకి?"

"కాజాలు."

సూదిలో దారం ఎక్కించడం రాని మా వదిన కాజాలు కుట్టడానికి కూర్చుంది. మొదటిది ఎలక కొరికినట్టొచ్చింది. పిన్ని విప్పించింది. మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పించింది. వేళ్లకి చిల్లులు పడ్డాయి. నెలాఖరు మీద పడుతోందని నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే, "నువ్వలా లెక్కపెట్టకు, నా కుట్టు తప్పుతోంది," అని కసిరింది.

కోటు బయటికి వెళ్లిన పూటే పిన్ని తన చేత్తోనే బొమ్మ మీది గుడ్డ కుట్టు విప్పింది. "నడుం జోలికి మాత్రం పోకండి," అంది. మేం తడిగుడ్డ వేసి, పైన ఇస్త్రీ పెట్టె ఆనించి, ఆవిరికి మెత్తబడ్డ పొరల్ని గుండుసూదితో ఒక్కొక్కటే లేపాం. భుజమంతా లేపినా ఏం రాలేదు. వీపు సగం లేపాం. ఎడమ భుజం కింద, వదిన చేతిలోకి అర్ధచంద్రంలాంటి ముక్క వచ్చింది. పేజీకి ఆనిస్తే అతుకు కుదిరింది.

"ఇక్కడ ఆగాలి, ఎందుకంటే మన ప్రింటర్ మోటారు నిలవకముందే ఇంకో పని పంపితే కాగితం చిరుగుతోంది. కొత్త ప్రింటర్ రాగానే ఈ లైను తీసేయండి."

నేను పగలబడి నవ్వాను. ఆ ప్రింటర్ తుక్కైపోయింది, ఫ్యాక్టరీ మూతపడింది, అయినా ఆ లైను ఇంకా దానికోసం ఆగుతూనే ఉంది. వదిన నవ్వలేదు. ఫోటో తీసుకుని, ముక్కని మళ్లీ జిగురు పెట్టి బొమ్మకి అతికించింది.

చివరి క్లాసులో ఆ ఫోటో మాస్టారు ముందు పెట్టింది. ఆయన చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. క్లాసంతా మెడలు సాచి చూస్తోంది. ఆయన సర్టిఫికెట్ దగ్గరికి లాక్కుని, పెన్ను మూత తీసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్ను ఆనించకుండా ఆగాడు.

"ఈ మాత్రం ముక్క కోసమా ఇన్నాళ్లు తిరిగావ్? నేను మొదట్లోనే చెప్పానా, దాన్ని కదపొద్దని? వినుంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేదానివి."

నేను వదిన కొంగు లాగాను, సంతకం అయ్యేదాకా నోరు మూసుకోమని. వదిన నా చెయ్యి విదిలించింది.

"కదపొద్దని చెప్పారు సార్. ఎందుకో మీకూ తెలీదని మాత్రం చెప్పలేదు."