శివారు వంతు

పొద్దున్నే లేచి తూము ఎత్తడం జ్ఞానప్రకాశం గారి పని. కాలువ మీద నీళ్ళు వదిలే లస్కరుగా చేసి రిటైరైనా ఆ అలవాటు పోలేదు. అరుగు పక్కనున్న తూము తలుపు బెత్తెడు లేపేవారు. అందులోంచి వచ్చేది నీళ్ళు కాదు, ఆ రోజు పొద్దు. సన్నటి బోదె కాలువలో దిగి ముందు వంటింట్లో భార్య ప్రసన్నకుమారికి, తర్వాత కూతురు రెబెక్కా బల్ల కిందికి, ఆ తర్వాత వెనకగదిలో తల్లి ఏసమ్మ మంచం దగ్గరికి పారేది. ఎవరి వంతు వాళ్ళది.

"మీకింకా మధ్యాహ్నం పారలేదా వదినా? మా ఇంట్లో అన్నాలైపోయాయి," అనేది గోడవతల చిట్టెమ్మ.

రెబెక్కా హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. తొమ్మిదింటికి కూర్చోవాలని గోడ మీద పెద్దక్షరాలతో రాసుకుంది. తీరా ఆ వేళకి ఫోను పట్టుకునేది. తర్వాత టీ. తర్వాత మళ్ళీ ఫోను. పని మొదలెట్టేసరికి తన వంతు సగం పారిపోయేది.

"ఈ నెలా ఇలాగే అయితే మిమ్మల్ని ఉంచడం కష్టమండీ," అన్నాడు ఫోన్లో టీమ్ లీడర్ హరిబాబు.

"నాన్నా, తూము ఇంకాస్త లేపవా?"

"లేపితే నీకు నిండుద్ది, కాలువ చివరున్న శివారు చేను ఎండిపోద్ది. ఉద్యోగమంతా ఆ కొట్లాటలే చూశాను తల్లీ. వేళకి కూర్చో, నీ వంతు నీకు చాలుద్ది."

అందరూ కునుకు తీస్తుంటే రెబెక్కా తనే వెళ్ళి తూము తలుపు లేపింది. బల్ల కింద పొద్దు చల్లగా చీలమండల దాకా వచ్చింది. పనంతా అయిపోయింది. హరిబాబు మెచ్చుకున్నాడు. ఎప్పుడైనా లేపుకోవచ్చన్న ధీమాతో మర్నాటి నుంచి ఇంకా ఆలస్యంగా కూర్చుని, రోజూ తలుపు లేపుకునేది.

"ఆ మడమలేంటే, ఎండాకాలం చేలల్లే నెర్రెలిచ్చాయి?" అంది ఓ రోజు ప్రసన్నకుమారి కూతురి కాళ్ళు చూసి.

"అన్నం తిని ఇటు ఒత్తిగిలేసరికి దీపాలు పెట్టేశారేంటే?" అని వెనకగదిలోంచి ఏసమ్మ అడిగింది.

రెబెక్కా వెళ్ళి మంచం పక్కన కూలబడింది.

"నాన్నమ్మా, నీ పొద్దు నేనే మళ్ళించుకున్నాను."

ఏసమ్మ బోసినోటితో నవ్వింది. "నాది శివారనుకున్నావా, పిచ్చిమొహమా? ఆ బోదె నా దగ్గర ఆగుతుందేమో చూడు."

ఆగలేదు. మంచం కింద నుంచి గోడలో కంత గుండా రెబెక్కా పడగ్గదిలోకి పోయింది. అక్కడ ఆమె మంచం చుట్టూ నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి ఉంది.

"ఆఖర్న నాటిన చేనే శివారు, అంటే నువ్వే. ఇన్నాళ్ళూ నువ్వు తోడేసింది నీ ముందున్న ఏళ్ళనే," అంటూ ఏసమ్మ మెల్లిగా మంచం దిగింది. "నా చేను పండిపోయిందే. కోతకి ముందు నీళ్ళు తీసెయ్యాలి కదా."

మడమతో తన వంతు పొద్దును నిలిపిన గట్టు తెంపేసింది.

"వద్దు నాన్నమ్మా!" రెబెక్కా రెండు చేతులా బురద ఎత్తి గండికి అడ్డం వేసింది. వేసిన బురద వేసినట్టే కొట్టుకుపోయింది. గోడవతల నెర్రెలు గుటకలేస్తున్నట్టు చప్పుడైంది.

నట్టింట్లో ఎండ మండిపోతోంది. వెనకగదిలో ఏసమ్మకి మాత్రం దీపాల వేళయింది. రెబెక్కా మడమలు చంటిపిల్ల మడమల్లా నున్నబడుతున్నాయి.

బల్ల మీది ఫోన్లోంచి హరిబాబు గొంతు వినపడింది.

"రెబెక్కా గారూ, ఇంకో గంట దొరుకుతుందాండీ?"