గంపకు కట్టిన బెల్టు

"గంపకి కడతారు గానీ మీరు కట్టుకోరా?" అని సీతారావమ్మ అడగడం అది మూడోసారి.

"నేనేమన్నా మామిడికాయనా, దొర్లిపోవడానికి?" అని వెంకటకృష్ణారావు అనడమూ మూడోసారే.

కాఫీల దగ్గర మొదలైన గొడవ వాకిట్లో కారు దాకా వచ్చింది. ఎనభై ఆరు వేసవి. మారుతి కారు కొని నాలుగు నెలలైంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు, తీస్తే కారు పాతదైపోతుందని ఆయన భయం. ముందు సీట్లకి రెండు బెల్టులున్నాయి. తన వైపుదాన్ని మొదటి రోజే సీటు సందులోకి తోసేశాడు. ఇస్త్రీ చొక్కా నలుగుతుందట. పక్క సీటు బెల్టుకి మాత్రం ఇవాళ పని దొరికింది.

ఆ సీట్లో దర్జాగా కూర్చున్నది ఒక గంప. తొలికోత చిన్నరసాలు, ముగ్గబెట్టి, రంగు తిరిగాక ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసి, వరిగడ్డి పరిచి సర్దినవి, నలభై ఎనిమిది కాయలు. పైన గోనెపట్టా కుట్టారు. చాట్రాయిలో కూతురు ప్రమీలారాణి అత్తవారింటికి వెళ్ళాలి. తొలికోత గంప వియ్యాలవారికి పంపడం ఆ తోటల వాళ్ళకి ఆనవాయితీ. పంపడంలో గొప్పేం లేదు, కాయకి మచ్చ పడకుండా చేర్చడంలో ఉంది పరువంతా. కిందటేడు బస్సు టాపు మీద వేసిన గంపలో అయిదు కాయలు నలిగాయి. వియ్యపురాలు పల్లెత్తు మాట అనలేదు. ఆ అయిదింటినీ ఒక పళ్ళెంలో పేర్చి, భోజనానికి కూర్చున్న వెంకటకృష్ణారావుకి ఎదురుగా పెట్టింది, అంతే. ఆ పళ్ళెం ఆయనకి ఏడాదంతా కల్లోకొచ్చింది.

"ముందు సీటు నాకిచ్చి గంప వెనక పెట్టొచ్చుగా" అంది సీతారావమ్మ.

"వెనక బెల్టు లేదు."

"అంటే, నేను దొర్లినా ఫర్వాలేదు."

"నువ్వు నలిగితే ఆవిడ పళ్ళెంలో పెట్టదులే. ఎక్కు."

అరుగు మీంచి అత్తగారు నాగేశ్వరమ్మ అందుకుంది. "కూర్చున్న మనిషిని కట్టెయ్యడమేంటే, పాడెకి కట్టినట్టు! పొద్దున్నే ఏం మాటలే అవి, అమ్మాయ్?"

సీతారావమ్మ పళ్ళు నూరుకుంటూ వెనక సీటెక్కింది. కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివింది ఆవిడొక్కతే. ఇంగ్లీషు సగమే అర్థమైనా బొమ్మలు పూర్తిగా అర్థమయ్యాయి. ఒక బొమ్మలో బెల్టు లేని మనిషి అద్దం మీదికి ఎగిరిపోతుంటాడు. ఆ మనిషికి మొహం గీయలేదు. ఆవిడకి మాత్రం అక్కడ మొగుడి చిరాకు మొహమే కనిపించి, ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన్ని తిట్టుకోని రోజు లేదు. ఆయన లేకుండా ఒక్క రోజు ఎలా గడుస్తుందో కూడా ఆవిడకి తెలీదు.

కారు కొన్న కొత్తల్లో "నాకూ నేర్పండి" అని అడిగింది కూడా. "నీకు స్టీరింగివ్వడమూ గంపకివ్వడమూ ఒకటే" అన్నాడు. జి. కొండూరులో, పుట్టింట్లో, పదమూడో ఏటే ఎడ్లబండి తోలిన మనిషి ఆవిడ. ఆ సంగతి ఆయనకి తెలుసు, గుర్తు లేదు.

ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టింది. తోటల్లో కాయ రాలింది. రాలిన కాయని ట్రాక్టర్లకెత్తి తెల్లవారుజాము నించీ బజారుకి తోలుతున్నారు. వాటిలో ఏదో ట్రాక్టరు ఒక మలుపు దగ్గర సగం కాయ రోడ్డు మీద పారబోసుకుంది. వెనకొచ్చిన లారీలు దాన్ని శుభ్రంగా తొక్కి రసం తీశాయి. రోడ్డు మీద పసుప్పచ్చటి గుజ్జు, టెంకలు, ఈగలు.

చాట్రాయి దారిలో ఆ మలుపు తిరుగుతూ వెంకటకృష్ణారావు దాన్ని చూశాడు. చూసి, "అయ్యో, ఎంత కాయ!" అన్నాడు. కాయ మీద జాలిపడుతూ బ్రేకు మీద నిలబడ్డాడు.

చక్రాలు బిగుసుకుపోయాయి గానీ కారు ఆగలేదు. సబ్బు మీద కాలేసినట్టు పక్కకి జారింది. సీతారావమ్మకి ఒంట్లో ఎక్కడో పాత సంగతి లేచింది. బురదలో ఎద్దు కాలు జారినప్పుడు పగ్గం బిగించి లాగితే బోర్లా పడుతుంది, కాస్త వదిలితే తనే నిలదొక్కుకుంటుంది.

"వదలండి! బ్రేకు వదలండి!" అని అరిచింది.

పెళ్ళాం చెప్పింది కదా అని ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగి, రోడ్డు దిగి, ఎవరిదో తోట గట్టుకి ధన్‌మని గుద్దుకుని ఆగింది.

ముందు సీటు వీపుకి కొట్టుకుని సీతారావమ్మ నుదురు నిమ్మకాయంత బొప్పి కట్టింది. అది ఆవిడకి తెలియలేదు. ముందు అద్దం పగుళ్ళిచ్చి ఉంది. దాని కింద స్టీరింగు మీద వెంకటకృష్ణారావు వాలి ఉన్నాడు. నోట్లోంచి, నుదుటి మీంచి రక్తం ఇస్త్రీ చొక్కా మీద కారుతోంది. బొమ్మలో మనిషే.

"ఏమండీ" అంది. మళ్ళీ అంది. భుజం పట్టుకుంది. ఆ భుజం ఉండాల్సిన చోట లేదు. "ఏమండీ, పలకండి. ఇంకెప్పుడూ ఏమీ అననండి. పలకండి."

చాలాసేపటికి, అంటే ఆవిడ లెక్కలో ఒక జన్మకి, ఆయన ఒక కన్ను తెరిచాడు. మెల్లగా పక్క సీటుకేసి తిప్పాడు.

"కాయలు..." అన్నాడు.

ఏమీ అననని వేసుకున్న ఒట్టుని అక్కడికక్కడే తీసి గట్టున పెట్టేసింది. ఆవిడ ఏడుస్తూ తిట్టిన తిట్లకి తోటలో కాపలా ఉన్న ఆంజనేయులు, గొడవేదో జరుగుతోందనుకుని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, కర్ర పారేసి, ఆయన్ని బయటికి లాగాడు.

ఆస్పత్రిలో డాక్టరు మెడ కింద ఎముక విరిగిందనీ, ముందు పళ్ళు రెండు పోయాయనీ తేల్చాడు. "నెమ్మదిగా వెళ్ళారు కాబట్టి బతికారు. ఇంకాస్త స్పీడుంటే ఆ అద్దం మిమ్మల్ని నా దాకా రానిచ్చేది కాదు. బెల్టు లేదా బండికి?" అనడిగాడు.

"ఉందండి. గంపకి కట్టాం" అంది సీతారావమ్మ.

డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయి ఆగిపోయాడు.

నాలుగు రోజులకి చాట్రాయి నించి వియ్యంకుడు లక్ష్మీనరసింహారావు, ప్రమీలారాణి పరామర్శకొచ్చారు. హాల్లో మంచం మీద వెంకటకృష్ణారావు చెయ్యి మెడకి వేలాడేసుకుని పడుకున్నాడు. గంప మాత్రం కుట్టు విప్పకుండా మంచం పక్కనే ఉంది. ఆంజనేయులు మోసుకొచ్చి దింపినప్పుడు దాని గోనెపట్టాకి గుచ్చుకుని ఒక పన్ను దొరికింది. ఆయనదే.

"కాయ ఏమైపోయిందో చూద్దాం బావగారూ" అంటూ వియ్యంకుడే కుట్టు విప్పాడు. ఒక్కో కాయా తీసి వెలుతురుకి తిప్పి చూశాడు. చివర్లో రెండు మరీ పండి తొడిమ దగ్గర మెత్తబడ్డాయి తప్ప నలభై ఎనిమిదింటిలో ఒక్కదానికీ దెబ్బ మచ్చ లేదు.

"ఆహా! ప్యాకింగంటే ఇదీ!" అన్నాడు. తర్వాత మంచం కేసి చూసి, ఆ మాట అక్కడ అనాల్సింది కాదని తోచి, దగ్గాడు.

"అమ్మ చెప్పిందంట కదా నాన్నా, కట్టుకోమని" అంది ప్రమీలారాణి.

"చెప్తే వింటే మీ నాన్నెందుకవుతాడు?" అంది నాగేశ్వరమ్మ. పాడె మాట తనే అన్నట్టు ఆవిడకి గుర్తున్నట్టు లేదు. "ఒరేయ్ కృష్ణా, ఆ కారు అమ్మి పారెయ్యరా. అది నీకు అచ్చిరాలేదు."

"అమ్మడమెందుకు అత్తయ్యగారూ, డ్రైవర్ని పెట్టుకుంటే సరి" అన్నాడు వియ్యంకుడు.

వెంకటకృష్ణారావు ఏదో అనబోయాడు. పళ్ళు లేని సందులోంచి గాలే వచ్చింది.

సీతారావమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కత్తిపీట మీద మొదటి కాయ కోస్తోంది. ఆవిడ తలెత్తలేదు, గొంతూ పెంచలేదు.

"కారు అమ్మం. డ్రైవర్నీ పెట్టం. రేకు పని అయ్యి షెడ్డు నించి బండి రాగానే నేను నేర్చుకుంటాను. నేర్పడానికి ఆంజనేయులు వాళ్ళ లారీ తోలే బావమరిది ఒప్పుకున్నాడు. తోటకీ చాట్రాయికీ నేనే తోల్తాను. ఈయన పక్క సీట్లో కూర్చుంటారు, బెల్టు పెట్టుకుని."

అందరూ మంచం కేసి చూశారు. వెంకటకృష్ణారావు గంప కేసి చూశాడు. దెబ్బ తగలని ఆ నలభై ఎనిమిది కాయల ఎదుట కాదనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

"మరి గంపో?" అంది నాగేశ్వరమ్మ.

"వెనక సీట్లో" అంది సీతారావమ్మ, కోసిన చెక్క తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడుతూ. "దానికి కొబ్బరితాడు చాలు."